పెద్దనాన్న చెప్పిన నల్లగుర్రం

మా పెద్దనాన్నకి విజయవాడ గాంధీనగర్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మేడ మీద రెండు గదులు. ఇరుకు మెట్లు. వీధి మలుపు తిరగగానే మెషీన్ల టకటక వినపడేది. పదకొండు మెషీన్లు, అన్నీ పాతవే. కిటికీ పక్కనున్న రెమింగ్టన్ మీద మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. అది ఆయన బొంబాయి నుంచి రైల్లో తెచ్చుకున్నది.

లోయర్, హయ్యర్ పరీక్షలకు కట్టే పిల్లలకి స్పీడు పాఠాల పుస్తకాలు బజార్లో దొరికేవి. వాటితోపాటు పెద్దనాన్న సొంతంగా తయారు చేసిన కాగితాలు కూడా ఇచ్చేవారు. ఒకటి కృష్ణా బ్యారేజీ గురించి, ఒకటి మంగళగిరి పానకాల స్వామి గురించి, ఇలా పదో పదిహేనో ఉండేవి. ఏడో నంబరు కాగితం బొంబాయిలోని కాలా ఘోడా అనే గుర్రం విగ్రహం గురించి. ఇంగ్లీషులో ఒక పేజీ. సత్యనారాయణపురం నుంచి, కృష్ణలంక నుంచి, వన్‌టౌన్ నుంచి వచ్చే పిల్లలు వందలమంది ఆ పేజీని కొట్టి కొట్టి పరీక్షలు పాసయ్యారు. వాళ్ళలో ఎక్కువమంది బొంబాయి చూసి ఉండరు. కానీ ఆ గుర్రాన్ని 1879లో నిలబెట్టారన్న సంగతి వాళ్ళ వేళ్ళకి తెలుసు.

నాకు ఆ గుర్రం అంతకంటే ముందే తెలుసు. అన్నం తినకుండా మారాం చేసినప్పుడు పెద్దనాన్న చెప్పే కథల్లో అది వచ్చేది. మిగతా పిల్లల కథల్లో రెక్కల గుర్రాలుంటే, మా ఇంట్లో మాత్రం నాలుగు రోడ్ల కూడలిలో ఎండకీ వానకీ కదలకుండా నిలబడే ఒక నల్లగుర్రం ఉండేది.

పెద్దనాన్న 1957లో బొంబాయి వెళ్ళారు. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాది. పాత ఆనకట్టకి 1952లో గండి పడ్డప్పుడు ఆయన వరద చూడ్డానికి వెళ్ళి తాతయ్య చేత దెబ్బలు తిన్నారట. కొత్త బ్యారేజీ మీద నడిచి, ఆ నెలలోనే బండెక్కారు. ఫోర్ట్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో టైపిస్టు ఉద్యోగం. మాతుంగాలో ఒక గదిలో నలుగురు. ఆదివారాలు దాదర్‌లోని ఆంధ్ర మహాసభకి వెళ్ళి తెలుగు మాట వినేవారు. మిగతా ఆరు రోజులూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని కాలా ఘోడా దగ్గరికి నడిచేవారు. అక్కడ రోడ్డు పక్కన డేవిడ్ ససూన్ లైబ్రరీ ఉంది. పసుపు రాయి కట్టడం, ముందు ఆర్చీలు. ఆ ఆర్చీల నీడలో నిలబడి గుర్రాన్ని చూస్తూ తినేవారు. కొన్నాళ్ళకి లైబ్రరీలో సభ్యత్వం కట్టారు. ఏడో నంబరు కాగితంలో ఉన్న విషయమంతా అక్కడి పుస్తకాల్లోంచి రాసుకున్నదే.

"అది నల్లరాయి అనుకునేవాళ్ళురా అందరూ," అనేవారు. "కంచు. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడిపోయింది."

కాలా ఘోడా అంటే నల్లగుర్రమనే అర్థం. గుర్రం మీద కూర్చున్నది సామాన్యుడు కాదు. విక్టోరియా రాణి పెద్దకొడుకు, వేల్స్ యువరాజు ఆల్బర్ట్ ఎడ్వర్డ్. 1875 నవంబరులో సెరాపిస్ అనే ఓడలో బొంబాయిలో దిగి, మరుసటి ఏడాది మార్చి దాకా ఈ దేశంలో తిరిగాడు. మద్రాసు కూడా వచ్చి వెళ్ళాడు. ఆ రాకకి గుర్తుగా విగ్రహం చేయించింది ఆల్బర్ట్ ససూన్. బాగ్దాదు నుంచి వచ్చి బొంబాయిలో స్థిరపడిన యూదుల కుటుంబం వాళ్ళది. తండ్రి డేవిడ్ ససూన్ పేరే ఆ లైబ్రరీకి ఉంది. పత్తి, నల్లమందు వ్యాపారాల్లో గడించారు. కొలాబాలో ససూన్ డాక్ కట్టించింది కూడా ఈ ఆల్బర్టే, 1875లోనే. కొడుకు చేయించిన గుర్రం తండ్రి పేరున్న లైబ్రరీకి ఎదురుగా నిలబడింది.

విగ్రహం పోసింది జోసెఫ్ ఎడ్గర్ బోమ్. వియన్నాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన శిల్పి. లండన్ హైడ్ పార్క్ మూలన గుర్రం మీద కూర్చున్న వెల్లింగ్టన్ కూడా ఆయన చేసినదే. 1887లో విక్టోరియా గద్దెనెక్కి యాభై ఏళ్ళు నిండినప్పుడు ఇంగ్లండు నాణేల మీదకి ఆమె బొమ్మ చెక్కింది ఆయనే. ఈ చివరి సంగతి పెద్దనాన్న కాగితంలో లేదు, నేను తర్వాత తెలుసుకున్నాను. చదివిన రోజు మాత్రం చాలాసేపు మా బందరు రోడ్డు మ్యూజియమే కళ్ళముందు ఆడింది. ఆ 1887లోనే, ఆ స్వర్ణోత్సవానికే, బెజవాడలో విక్టోరియా జూబిలీ పేరుతో భవనానికి పునాది వేశారు. చిన్నప్పుడు ఆదివారాలు ఆ తోటలో రాతి బుద్ధుడి చుట్టూ ఆడుకున్నవాళ్ళం మేము. తల్లి పేరు మా ఊళ్ళో, కొడుకు గుర్రం బొంబాయిలో. మధ్యలో రోజూ ఒకదాని ముందు నిలబడి అన్నం తిని, రెండోదాని ఊరికి తిరిగొచ్చిన మా పెద్దనాన్న.

ఆ మ్యూజియాన్ని కూడా మా ఇంట్లో విక్టోరియా పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. ఉట్టి మ్యూజియమే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపించిన ఊరు మాది. మ్యూజియం అనగానే పెద్దవాళ్ళకి ఆ మాటే గుర్తొచ్చేది. ఇప్పుడది బాపు మ్యూజియం.

బొంబాయిలోనూ అంతే జరిగింది. పెద్దనాన్న ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. తొమ్మిదేళ్ళు ఆ కూడలిలో తిరిగినా ఎవరి నోటా ఎడ్వర్డ్ అనే మాట రాలేదట. బస్సు కండక్టర్లు, టీ అబ్బాయిలు, ఆఫీసు ప్యూన్లు, పెద్ద పెద్ద లాయర్లు, అందరికీ అది కాలా ఘోడాయే. "రాజుగారు ఎక్కి కూర్చున్నారు గానీ పేరు గుర్రానికే పోయింది," అనేవారు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఒక తృప్తి ఉండేది. జీతగాడిగా పరాయి ఊళ్ళో బతికిన మనిషికి మోసేవాళ్ళ మీద ఉండే అభిమానం అది అని ఇప్పుడనిపిస్తుంది.

1965లో ఆ గుర్రాన్ని తీసేశారు.

అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి పద్దెనిమిదేళ్ళు. మహారాష్ట్ర ఏర్పడి ఐదేళ్ళు. కాలా ఘోడాకి కాస్త దూరంలోనే, ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర, సంయుక్త మహారాష్ట్ర కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ స్మారకం 1961లో లేచింది. పొట్టి శ్రీరాములుగారు పోయినప్పుడు బెజవాడ రైల్వేస్టేషను దగ్గర జనం ఎలా ఊగిపోయారో చూసిన మనిషి పెద్దనాన్న. అందుకే మరాఠీల కోపం ఆయనకి కొత్తగా అనిపించలేదు. నగరంలో ఆంగ్లేయ రాజుల, గవర్నర్ల విగ్రహాలు ఉండకూడదన్న పట్టుదల పెరిగింది. కొన్నింటిని పగలగొట్టారు. మిగిలినవాటిని బైకుల్లా తోటకి తరలించారు. నల్లగుర్రం కూడా అక్కడికే వెళ్ళింది.

"పొద్దున ఆఫీసుకి వెళ్తే ఉంది. మర్నాడు లేదు," అనేవారు. అంతకుమించి ఏమీ చెప్పేవారు కాదు. మధ్యాహ్నం డబ్బా విప్పి ఎదురుగా చూస్తే ఆకాశం కనపడిందట. మరుసటి ఏడాది ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశారు. గుర్రం పోయినందుకే వచ్చేశారని పెద్దమ్మ అంటుండేది. నిజానికి తాతయ్యకి ఒంట్లో బాగాలేక వచ్చారు.

వచ్చి ఇన్‌స్టిట్యూట్ పెట్టి, ఏడో నంబరు కాగితం రాశారు. అందులో గుర్రం 'ఉంది' అని వర్తమానంలోనే రాశారు. నేను ఇంటర్ అయ్యాక వేసవిలో అక్కడే టైపు నేర్చుకున్నాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి, ఇది తప్పు కదా పెద్దనాన్నా, తీసేశారన్నారుగా అన్నాను.

"లేకపోవడమేంట్రా? నువ్వు చూశావుగా," అన్నారు.

నిజమే, చూశాను. 1992 వేసవి సెలవుల్లో నన్ను బొంబాయి తీసుకెళ్ళారు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్. పెద్దమ్మ పులిహోర పొట్లాలు, పెరుగన్నం, గోంగూర పచ్చడి, ఇంకా జంతికల డబ్బా ఇచ్చి పంపింది. షోలాపూర్ దాటాక నిద్రలేదు నాకు. ఖండాలా ఘాట్‌లో సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరం అరిచాం. పెద్దనాన్న ఏమీ అనలేదు. కిటికీ కడ్డీల మీద గడ్డం ఆనించి తానూ చీకట్లోకి చూస్తూ కూర్చున్నారు. విక్టోరియా టెర్మినస్‌లో దిగాం. అప్పటికింకా ఆ పేరే.

మర్నాడు పొద్దున్నే కాలా ఘోడా. దారి పొడవునా ఆయన నడక పెరుగుతూ వచ్చింది. చేయి పట్టుకుని దాదాపు పరిగెత్తించారు. తీరా వెళ్తే కార్లు. ఆ జాగా అంతా కార్లు నిలుపుకునే చోటయింది. ఫియట్లు, అంబాసిడర్లు, మారుతీలు. నాకు ఏడుపొచ్చింది. గుర్రం లేదని ఆయన ముందే చెప్పారు, కానీ వెళ్ళేసరికి ఎలాగో ఉంటుందని నేననుకున్నాను. పిల్లల లెక్కలు అలాగే ఉంటాయి.

పెద్దనాన్న నన్ను పక్కనే ఉన్న టీ బండి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడి మనిషిని హిందీలో అడిగారు, కాలా ఘోడా ఎక్కడ అని.

"యహీ తో హై," అన్నాడతను, గ్లాసు కడుగుతూనే.

ఇదేగా అన్నాడు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. గుర్రం వెళ్ళిపోయాక పుట్టినవాడు. పెద్దనాన్న నా వైపు తిరిగి, విన్నావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశారు. తర్వాత ఆర్చీల కింద నేను నిలబడాల్సిన చోటు చూపించారు. అక్కడ నిలబడి తెచ్చుకున్న జంతికలు తిన్నాం. ఎదురుగా ఏముండేదో, తల ఎంత ఎత్తులో ఉండేదో, తోక ఎటుండేదో గాల్లో వేలితో గీసి చూపించారు. కార్ల మధ్యలో నాకు ఆ గుర్రం దాదాపు కనిపించింది.

అక్కడి నుంచి ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు, పైన ముందు సీటు. బైకుల్లా వైపు. దారిలో ఒకచోట పెద్దనాన్న చేత్తో చూపించి, అటు వెళ్తే కామాటిపురా అన్నారు. పెద్దయ్యాక ఆ పేరు వేరే అర్థంలో చాలాసార్లు విన్నాను. ఆయన మాత్రం ఆ రోజు చెప్పింది వేరు. కామాటీలంటే మన తెలుగు కూలీలు, నైజాం వైపు నుంచి వచ్చిన తాపీ పనివాళ్ళు, మట్టి పనివాళ్ళు. వాళ్ళు ఉన్న పేట కాబట్టి ఆ పేరు. "ఈ ఊరి గోడల్లో మనవాళ్ళ చేతులున్నాయిరా. వాళ్ళకి విగ్రహాలు లేవు." అది కూడా ఏడో నంబరు కాగితంలో ఉండాల్సిన సంగతి అని నా ఉద్దేశం. ఎందుకో రాయలేదు.

బైకుల్లా తోట అసలు పేరు విక్టోరియా గార్డెన్స్. తర్వాత శివాజీ తల్లి జిజాబాయి పేరు పెట్టారు. జనం మొదటినుంచీ రాణీ బాగ్ అంటారు. రాణి మారినా ఆ పేరు సరిపోయింది. లోపల జూ ఉంది, మ్యూజియం ఉంది. మ్యూజియం బయట ఘారాపురి దీవి నుంచి తెచ్చిన పెద్ద రాతి ఏనుగు ఉంది. ఆ దీవికి ఎలిఫెంటా అని పేరు రావడానికి కారణం ఆ ఏనుగే. 1864లో దాన్ని కదిలించబోతే ముక్కలైంది. ఆ ముక్కల్ని తర్వాత ఈ తోటకి చేర్చి, చివరికి 1914లో అతికి నిలబెట్టారు. అతుకులు చూపిస్తూ పెద్దనాన్న ఇవన్నీ చెప్పారు. వెనకవైపు నగరంలోంచి తీసుకొచ్చిన దొరల విగ్రహాలు వరసగా ఉన్నాయి. ముక్కులు పోయినవి, తలలే లేనివి. ఎండుటాకుల్లో నిలబడి ఉన్నాయి. నాకు భయమేసింది.

తర్వాత గుర్రం.

నేననుకున్నదానికంటే చాలా పెద్దది. నల్లగా లేదు, పచ్చటి మరకలతో బూడిద నలుపు. కాకి ఒకటి యువరాజు టోపీ మీద కూర్చుని ఉంది. పెద్దనాన్న మాట్లాడలేదు. చుట్టూ ఒకసారి నడిచారు. మళ్ళీ ఇంకోసారి. కుడివైపుకి వచ్చి ఆగిపోయారు.

"ఈ పక్క నేనెప్పుడూ సరిగ్గా చూళ్ళేదురా," అన్నారు. "ఆర్చీల కింద నుంచి ఎడం పక్కే కనపడేది."

ఏళ్ళ తరబడి రోజూ చూసిన గుర్రానికి ఒక పక్క కొత్తగా కనపడింది ఆయనకి. గుర్రం మెడ మీద నరాలు, కళ్ళెం కొక్కేలు, జీను కింద గుడ్డ మడతలు ఒక్కొక్కటీ నాకు చూపించారు. అంత బరువు సన్నటి కాళ్ళ మీద నిలబడాలంటే ఎంత లెక్క కావాలో చెప్పారు. మద్రాసులో మౌంట్ రోడ్డు దగ్గర గుర్రం మీద మన్రో దొర ఉన్నాడనీ, 1839లో నిలబెట్టారనీ, దానికి జీనూ రికాబులూ లేవనీ చెప్పి, దీనికి అన్నీ ఉన్నాయి చూడు అన్నారు. నేను అడిగాను, పైనున్నాయన ఏం చేశాడు పెద్దనాన్నా అని.

ఆయన కాసేపు ఆలోచించారు. "వచ్చి వెళ్ళాడురా," అన్నారు.

ఆ మాట అలాగే గుర్తుండిపోయింది. రెండు మూడేళ్ళ తర్వాత రాజమండ్రిలో అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గుర్రం మీద కాటన్ దొరని చూశాను. మెడలో తాజా బంతిపూల దండ. దండం పెట్టి వెళ్తున్న మనుషులు. ఆయన కూడా ఇంగ్లీషువాడే, ఆయనదీ గుర్రమే. కానీ ఆ విగ్రహాన్ని తీసేయాలని ఎవరైనా అంటే గోదావరి రైతు ఊరుకోడు. గుంటూరు సీమ 1833 నాటి నందన కరువులో నాశనమయ్యాక, ఆ తర్వాత రెండు దశాబ్దాలకి, 1855 నాటికి, మన బెజవాడ దగ్గరా ఆనకట్ట లేచింది. దాని వెనకా కాటన్ పట్టుదల ఉంది. గుర్రం మీదున్న ఇద్దరు దొరలకీ తేడా ఏమిటని నన్నడిగితే పెద్దనాన్న జవాబే చెబుతాను.

ముప్పై దాటాక ఒక సంగతి చదివాను. అది చదివాక ఏడో నంబరు కాగితాన్ని మునుపటిలా చూడలేకపోయాను.

మా ముత్తాతగారి తండ్రి వాళ్ళు ఆదోని వైపు నుంచి కృష్ణ ఒడ్డుకి నడిచి వచ్చారు. ధాత కరువులో. ధాత నామ సంవత్సరం, అంటే 1876. ఐదుగురు బయల్దేరితే ఇద్దరే చేరారని మా ఇంట్లో చెప్పుకుంటారు. బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో లక్షల మంది పోయిన కరువు అది. కృష్ణా డెల్టాలో కాలవ నీళ్ళున్నాయి కాబట్టి ఇటు వస్తే బతకొచ్చని వచ్చారు. వేల్స్ యువరాజు ఈ దేశంలో తిరిగి వెళ్ళిన ఏడాదే ఆ కరువు మొదలైంది.

1877 మొదట్లో కరువు సాయం ఖర్చు తగ్గించే పని మీద ఒక పెద్ద అధికారి మద్రాసు వచ్చాడు. పేరు సర్ రిచర్డ్ టెంపుల్. రాళ్ళు కొట్టే, మట్టి మోసే మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యమూ కాస్త చిల్లరా చాలని లెక్క కట్టాడు. ఒక పౌను అంటే అర కిలోకన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనిషి బతకడానికి సరిపోదని గట్టిగా వాదించాడు. ఆ లెక్క నడిచిన నెలల్లో క్యాంపుల్లో జనం రాలిపోయారు. ఆ 1877లోనే టెంపుల్ బొంబాయి గవర్నర్ అయ్యాడు. నల్లగుర్రాన్ని నిలబెట్టిన 1879లో బొంబాయిని ఏలుతున్నది ఆయనే.

ఇది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మా పెద్దనాన్న డబ్బా విప్పుకుని ప్రేమగా చూసిన కంచు, మావాళ్ళు దారిలో ముగ్గుర్ని పాతిపెట్టుకుంటూ నడిచిన రోజులు, రెండూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. పెద్దనాన్నకి ఈ సంగతి తెలుసో లేదో అడగడానికి ఆయన లేరు. 2009లో పోయారు. తెలిసి ఉంటే కాగితంలో ఒక వాక్యం కలిపేవారని నా నమ్మకం. ఆయన ఏ సంగతీ దాచే మనిషి కాదు.

న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి. ఆ యువరాజు ఈ దేశంలో తిరిగినప్పుడు, ఇక్కడి ఆంగ్లేయ అధికారులు మనవాళ్ళతో మాట్లాడే మొరటుతనం చూసి బాధపడి, అది తప్పని ఇంటికి రాసిన ఉత్తరాల్లో రాశాడు. టెంపుల్ చేసినదానికి అతన్ని నిందించను. కూడలిలోంచి ఆ విగ్రహాన్ని తీసేయడం సరైన పనే అని మాత్రం ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. కరిగించకుండా తోటలో ఉంచడం అంతకంటే మంచి పని. ఉంచబట్టే కదా పదకొండేళ్ళ పిల్లాడిగా నేను దాని చుట్టూ తిరిగాను. రాణీ బాగ్‌లో చెట్ల మధ్య దాన్ని చూస్తే ఎవరికీ తల వంచాలనిపించదు. మెడ మీద నరాలు చూడాలనిపిస్తుంది.

కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్‌కి పిల్లలు తగ్గిపోయారు. మెషీన్లు ఒక్కొక్కటే పాత సామాన్లవాడికి వెళ్ళాయి. బొంబాయి రెమింగ్టన్ మా ఇంట్లో ఉంది. రిబ్బను ఎండిపోయింది, కానీ మీటలు ఇంకా ఆడతాయి. ఏడో నంబరు కాగితం కార్బన్ కాపీ ఒకటి దాని మూత లోపల దొరికింది.

2018 ఫిబ్రవరిలో ఆఫీసు పని మీద ముంబై వెళ్ళాను. కాలా ఘోడాలో 1999 నుంచీ ఏటా జరిగే ఆర్ట్స్ ఫెస్టివల్ నడుస్తోంది. ఆ జనంలో తోసుకుంటూ వెళ్ళేసరికి గుండె దడదడలాడింది. గుర్రం ఉంది. కొత్త గుర్రం. 2017 జనవరిలో నిలబెట్టారు. ఆర్కిటెక్టు అల్ఫాజ్ మిల్లర్ ఆలోచన, శ్రీహరి భోస్లే శిల్పం, ఇరవై ఐదడుగుల ఎత్తు. నల్లగా నిగనిగలాడుతోంది. మీద ఎవరూ లేరు. జీను లేదు, కళ్ళెం లేదు.

నేను రోడ్డు దాటి ఆర్చీల కిందికి వెళ్ళాను. ఆ చోటే. బ్యాగులో జంతికలు లేవు, స్టేషనులో కొన్న బిస్కెట్ ప్యాకెట్ ఉంది. అది తిన్నాను. గుర్రానికి ఒక పదిహేను ఫోటోలు తీశాను. ఎడం పక్క నుంచి తీశాను, కుడి పక్కకి కూడా నడిచి వెళ్ళి తీశాను.

ఇంటికొచ్చి పెద్దమ్మకి చూపించాను. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. ఫోను దగ్గరికి పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"దీని మీద మనిషేడిరా?"

"లేడు పెద్దమ్మా. గుర్రం ఒక్కటే పెట్టారు."

"మీ పెద్దనాన్న కూడా గుర్రం సంగతే చెప్పేవారు," అంది. తర్వాతి ఫోటోకి వెళ్ళింది. అందులో గుర్రం వెనక లైబ్రరీ కాస్త కనపడుతోంది. ఆ పసుపు రాయి మీద వేలు పెట్టి, ఆయన అన్నం తినే చోటు ఇదేనా అని అడిగింది. అదే అన్నాను. పెద్దది చేసి చూపించమంది. రెండు వేళ్ళతో పెద్దది చేశాను. ఆర్చీ కింద నీడలో ఎవరో కుర్రాడు నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. పెద్దమ్మ అతన్ని చాలాసేపు చూసింది.

"నీడ బాగానే ఉంది," అంది.